మా కుక్క ఎవరిని చూసి నేర్చుకుంది

ఆ కుక్క మా ఇంట్లో ఉన్నది రెండేళ్ళే. వచ్చినప్పుడు దానికి ఐదు నెలలు. ఒళ్ళంతా ఎరుపు, ఎడమ ముందుకాలు మాత్రం తెలుపు. మొదట్లో దానికి మొరగడం రాదేమో అనుకున్నాం. మా ఇంటి నుంచి వెళ్ళేనాటికి ఎవరిని చూసి మొరగాలో, ఎవరిని చూసి తోక ఊపాలో మా అందరికంటే దానికే బాగా తెలుసు. ఆ తెలివి దానికి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ముందు మస్కట్ సంగతి చెప్పాలి.

మా వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు వెతికితే గానీ దొరకదు. వానలు లేక, బోర్లు ఎండి, చేతికి పని లేక పోయినవాళ్ళమే అందరం. మస్కట్‌లో మా గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. కింది మంచం నాది, పైది అన్నది. అన్న అంటున్నాను గానీ మాకు చుట్టరికం లేదు. ఇద్దరిదీ జగిత్యాల వైపు, మల్లాపూర్ పక్కన ఒకే ఊరు. మా ఇల్లు ఊరి నడుమ, అతని ఇల్లు ఊరి బయటి వాడలో. ఆ వాడవాళ్ళకు తరతరాలుగా గుంటెడు భూమి కూడా లేదు. అందరి పొలాల్లో నాట్లు వేసేవారు, ఎవరి ఇళ్ళలోకీ వచ్చేవారు కాదు. మాది కూడా పెద్ద ఇల్లేమీ కాదు. మా బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. పెద్దోళ్ళ ఇంటికి కల్లు తీసుకుపోతే ఆయన కూడా చెప్పులు విడిచి వాకిట్లోనే నిలబడేవాడు. అలా నిలబడడం ఎట్లా ఉంటుందో చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అందుకే ఇది రాయడం ఇంకా కష్టంగా ఉంది.

మస్కట్‌లో మొదటి రోజు సంచి పట్టుకుని గుమ్మంలో బిక్కముఖం వేసుకుని నిలబడితే అతనే లేచి వచ్చాడు. “నువ్వు మనూరోనివే గదా తమ్మీ? మీ బాపు గీసిన కల్లు మస్తు తాగిన నేను. రా, సామాను ఈడ వెట్టు,” అన్నాడు. ఊళ్ళో ఇరవై ఏళ్ళలో నేను అతనితో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండను. ఆ రాత్రి నుంచే ఒకే పెద్ద పళ్ళెంలో బువ్వ కలుపుకుని తిన్నాం.

రెండో ఏడు నాకు ఒళ్ళంతా అమ్మవారు పోసింది. గదిలోవాళ్ళు భయపడి మంచాలు దూరంగా జరుపుకున్నారు. అన్న జరపలేదు. పనికి పోయే ముందు జావ కాచి తాగించేవాడు. వచ్చాక నా బట్టలు ఉతికేవాడు. తల ఎత్తలేని రోజున ముద్దలు చేసి నోట్లో పెట్టాడు. పన్నెండు రోజులు అలా చూశాడు.

తర్వాత కంపెనీ మూతపడింది. కొద్దికొద్ది మందిని విమానం ఎక్కించి ఇంటికి పంపుతామని అధికారులు పేర్లు రాసుకున్నారు. అన్న పేరు మొదటి విడతలో వచ్చింది. నాది ఎక్కడో అడుగున ఉంది. అదే వారం, తాటిచెట్టెక్కే మోకు తెగి బాపు చెట్టు మీది నుంచి పడ్డాడని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. నేను మంచం పట్టుకుని ఏడుస్తుంటే అన్న ఎటో పోయి వచ్చాడు.

“నా జాగల నువ్వు పో తమ్మీ. ఆఫీసరుతోని మాట్లాడిన. నా ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు. నేను ఎన్కముందు అస్త.”

ఆ తర్వాతి విడత రానే లేదు. అతను కాగితాలు లేని మనిషై, దొరికిన చోటల్లా పని చేసుకుంటూ ఇంకో రెండేళ్ళు అక్కడే చిక్కుకుపోయాడు. అతని జాగాలో వచ్చిన నాకు బాపుతో నలభై రోజులు దొరికాయి. బాపు నా చేతుల్లోనే పోయాడు.

దినాలయ్యాక, పిల్లలకిమ్మని అన్న ఇచ్చిన సంచి పట్టుకుని వాళ్ళ వాడకు వెళ్ళాను. అందులో రెండు గౌన్లు, ఒక టార్చిలైటు, ఖర్జూరం ఉన్నాయి. అన్న భార్యతో మస్కట్ నుంచి ఫోన్లో ఎన్నోసార్లు మాట్లాడాను. “వదినా, అన్నను నేను మంచిగ జూస్కుంట,” అని పెద్దగా చెప్పేవాణ్ణి. నిజానికి చూసుకునేది అతనే. ఆ రోజు ఆమె వాకిట్లో నిలబడితే ‘వదినా’ అన్న మాట నోట్లోంచి రాలేదు. పక్క వాకిట్లో మా వీధి మనిషి ఒకడు నాట్లకు కూలీలను మాట్లాడుకుంటూ నిలబడి ఉన్నాడు. అతను వింటాడని భయం. ఎవరినీ ఏమీ పిలవకుండా, “గిది ఇయ్యమన్నడు,” అని సంచి ముందుకు చాచాను.

ఆమె మంచం వాల్చింది. “కూసో తమ్మీ, చాయ్ వెడ్త.”

“చాయ్ తాగ,” అన్నాను.

రోజుకు ఆరుసార్లు తాగుతానని ఆమెకు తెలుసు. అన్న ఎన్నిసార్లు చెప్పి నవ్వి ఉంటాడో. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, మంచం మళ్ళీ గోడకు నిలబెట్టింది.

గోడ నీడలో ఒక ఎర్ర కుక్క పడుకుని ఉంది. రెండు మేకపిల్లలు దాని వీపు ఎక్కి దిగుతున్నాయి. పక్కనే దాని పిల్ల. కోడి ఒకటి ఆ పిల్ల మూతి ముందే నూకలు ఏరుకుంటుంటే అది కళ్ళు మాత్రం తిప్పుతూ చూస్తోంది.

“మీ అన్న ఫోన్ జేసిండు,” అంది ఆమె. “నువ్వు పనికి పోతే మీ అమ్మ, నీ పెండ్లాం ఒక్కలే ఉంటరట. కుక్కపిల్లను మీకియ్యమన్నడు. దీని తల్లి ఎవ్వలనూ కర్వది. ఇది గూడ గంతే.”

అలా వచ్చింది ఆ కుక్క. నేను మల్లాపూర్, కోరుట్ల మధ్య ఆటో నడపడం మొదలుపెట్టాను. ఉదయం ఒక సవారీ, సాయంత్రం ఒక సవారీ. మధ్యాహ్నమంతా ఇంటి దగ్గరే. అందుకే దాన్ని చూసే తీరిక దొరికింది.

మొదటి నెల అది అందరికీ చుట్టమే. పొద్దున్నే బయటి వాడ ఆడవాళ్ళు చుట్టిన బీడీలు గంపల్లో పెట్టుకుని మా వీధి మీదుగానే కార్ఖానాకు పోయేవారు. వాళ్ళ వాసన దానికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎదురు పరుగెత్తి, చీరకుచ్చిళ్ళ చుట్టూ తిరిగి, వీధి మలుపు దాకా సాగనంపి వచ్చేది. అమ్మ అరుగు మీది నుంచి అరిచేది. “ఛీ! ఆళ్ళెంబడి పోతవా? ఇటు రా!” తిరిగి వస్తే రొట్టెముక్క వేసేది. రాకపోతే చీపురు విసిరేది.

ఎదురింట్లో రెండు కుక్కలుండేవి. అందులో నల్లది ముసలిది, వీధిలో మిగతా కుక్కలన్నీ దాని వెనకే నడిచేవి. మా కుక్క కూడా దాని వెనకే తిరగడం మొదలుపెట్టింది. అది పడుకున్న చోటే పడుకునేది, అది మూతి పెట్టిన చోటే మూతి పెట్టేది. బీడీ గంపలు కనబడగానే నల్లది చెవులు నిక్కించి మొరిగేది. మొదట్లో మా కుక్క ఒక చూపు నల్లదాని వైపు, ఒక చూపు ఆ ఆడవాళ్ళ వైపు చూసి, ఊపుతున్న తోక ఆపేసి నిలబడేది. కొన్నాళ్ళకు సగం గొంతుతో ఒకటి రెండుసార్లు మొరిగింది. అమ్మ నవ్వి ముద్ద వేసింది. మూడో నెల దాటేసరికి నల్లదాని కంటే ముందు ఇదే లేచేది. మొరిగే ముందు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి అమ్మ ముఖం చూసేది. అమ్మ కళ్ళు చిట్లిస్తే మొరిగేది. అమ్మ సర్దుకుని కూర్చుని “రాండ్రి, రాండ్రి” అంటే వచ్చినవాళ్ళ కాళ్ళు నాకేది.

ఒక్క వదినను చూసి మాత్రం ఎన్నడూ మొరగలేదు. ఆమె వీధిలోకి వస్తే తల వంచుకుని అరుగు కిందికి దూరేది. నేను కూడా అప్పుడు ఆటో వెనక ఏదో సర్దుతున్నట్టు వంగేవాణ్ణి.

ఇదంతా చూసి నాకు కోపం రాలేదు. ముచ్చటగా ఉండేది. ఆటో ఎక్కినవాళ్ళకు గొప్పగా చెప్పేవాణ్ణి, “మా కుక్కకు మనిషిని జూడంగనే తెల్స్తది,” అని. ఆ ఎక్కినవాళ్ళలో ఆ వాడవాళ్ళూ ఉండేవారు. వాళ్ళు బయటికి చూస్తూ కూర్చునేవారు.

రెండేళ్ళకు అన్న వచ్చాడు. జగిత్యాల బస్టాండు నుంచి ఫోన్ చేశాడు.

“తమ్మీ, జగిత్యాలల దిగిన. ఆటో తెస్తవా? నిన్ను జూడక రెండేండ్లాయె.”

“కోరుట్ల కాడ సవారీలున్నయ్ అన్నా, ఎట్ల?” అన్నాను.

సవారీలు లేవు. ఆటో మా వాకిట్లోనే ఉంది. నేను తీసుకొస్తే దారిలో ముందు మా ఇల్లే వస్తుంది. ‘ముందుగాల మీ ఇంట్ల చాయ్ తాగుదాం’ అంటాడు. లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంటాడు. అమ్మ ఏమంటుంది, ఎదురింటివాళ్ళు ఏమంటారు, నా మనసులో ఇదొక్కటే. “కాదులే, బస్సు ఉన్నది, నేనే అస్త,” అన్నాడు అతను.

మూడో రోజు నాలుగు గంటలకు అతనే మా ఇంటికి వచ్చాడు. నేను వాకిట్లో ఆటో అద్దం తుడుస్తున్నాను. అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. ఎదురింటాయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. అన్న చిక్కిపోయి ఉన్నాడు. నుదుటి మీద జుట్టు పలచబడింది. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ వేసుకున్నాడు. చంకలో ప్లాస్టిక్ సంచిలో కంబలి ఉంది. గేటు పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వి, “తమ్మీ!” అన్నాడు.

కుక్క లేచింది. అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఎత్తలేదు. అప్పుడు నా వైపు చూసింది.

నేను ఎదురింటి వైపు చూశాను. ఎదురింటాయన పేపరు దించి మమ్మల్నే చూస్తున్నాడు. నా భుజాలు బిగుసుకుపోవడం నాకే తెలిసింది. కుక్క గేటు మీదికి దూకి మొరగడం మొదలుపెట్టింది. ఎదురింటి నల్లది అందుకుంది.

“ఓర్నీ, మా ఇంట్ల వుట్టి నన్నే మొరుగుతవా?” అన్నాడు అన్న, ఇంకా నవ్వుతూనే.

“కొత్తోళ్ళను జూస్తే గట్లనే జేస్తది అన్నా,” అన్నాను.

నేను ఆ మాట అన్న కాసేపటికే ఇంటి నంబర్లు రాసుకుంటూ ఒక ఉద్యోగి వచ్చాడు. మా వీధిలో ఎన్నడూ చూడని మనిషి. బూట్లు, భుజానికి బ్యాగు. అన్న పక్కనుంచే గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. “రాండ్రి సారూ, కూసోండ్రి,” అని అమ్మ లేచి కుర్చీ జరిపింది. కుక్క ఆయన బూట్లు వాసన చూసి తోక ఊపింది. మళ్ళీ గేటు దగ్గరికి వచ్చి అన్నను చూసి మొరిగింది.

అన్న నవ్వు ఆగిపోయింది. నా వైపు చూడలేదు. గేటు చువ్వల వైపు చూస్తూ నిలబడ్డాడు.

లోపలి నుంచి చాయ్ వచ్చింది. సారుకు స్టీలు గ్లాసులో, అన్నకు కాగితపు గ్లాసులో. అలా పొయ్యమని అమ్మ చెప్పింది. పోసి తెచ్చింది నా భార్య. కానీ గేటు మీది నుంచి అందించింది నేను. అతను గేటు అవతలే నిలబడి తాగాడు. నా నోట్లో ముద్దలు పెట్టిన చెయ్యి ఆ కాగితపు గ్లాసు పట్టుకుని ఉండడం నేను చూశాను. చూసి కూడా ‘లోపటికి రా అన్నా’ అనలేదు. రెండు మాటలు. రెండు మాటలు అనలేకపోయాను.

అతను కంబలి నాకు అందించాడు. “పోతున్న తమ్మీ, ఇంటికాడ పనున్నది,” అని వెనక్కి తిరిగాడు. సారు వచ్చాక గేటుకు గడియ పడలేదు. కుక్క దాన్ని తోసుకుని బయటికి పోయింది. రెండు అడుగులు వేసి, ఆగి, మెడ తిప్పి నన్ను చూసింది. ‘ఆగు’ అంటే ఆగేది. దానికి నా మాట తెలుసు. నేను అనలేదు. అది పోయి అన్న పిక్క పట్టుకుంది.

కోరుట్ల దవాఖానకు నా ఆటోలోనే తీసుకెళ్ళాను. మస్కట్‌లో కంపెనీ బస్సు ఎక్కితే ఇద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఆ రోజు అతను వెనక సీట్లో కూర్చున్నాడు. దారి పదిహేను కిలోమీటర్లు. తువ్వాలు పిక్కకు చుట్టుకుని పట్టుకున్నాడు. అద్దంలో అది ఎర్రబడడం కనబడుతూనే ఉంది.

నర్సమ్మ గాయం కడుగుతూ, “పెంచిన కుక్కనా, ఊర కుక్కనా? టీకాలేసిన్రా?” అని అడిగింది.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె కలం పట్టుకుని ఎదురు చూసింది. అన్న నా వైపు చూశాడు. నేను గోడ మీది కాగితమేదో చదువుతున్నట్టు నిలబడ్డాను.

“ఊర కుక్కమ్మా,” అన్నాడు అన్న.

సూదులకు ఇంకా మూడుసార్లు రావాలని చెప్పింది. “నేను తోల్కస్త అన్నా,” అన్నాను. రెండోసారి నేను పోనేలేదు. ఏదో సాకు చెప్పాను. మూడోసారి సూది రోజున మల్లాపూర్ బస్టాండు దగ్గర ఎండలో నిలబడి బస్సు కోసం చూస్తూ కనబడ్డాడు. ఆటో నిండా మా వీధివాళ్ళున్నారు. స్టీరింగు మీది నుంచి ఒక చెయ్యి లేపి, ఆపకుండా వెళ్ళిపోయాను.

కరిచిన కుక్కను ఉంచొద్దని, మందు పెట్టి చంపాలని ఎదురింటాయన అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. “మా కుక్క మంచిదే. ఆయనెందుకచ్చిండు ఈడికి?” అంది. ఆ మాటకు నా భార్య పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. ఆమె అమ్మతో ఏమీ అనలేదు. నాతో అంది.

“అది నీ మొఖం జూసింది. నేను కిటికీలకెల్లి జూసిన. ఆగు అంటే ఆగు. నువ్వు అనలే.”

నేను ఆటో తాళాలు తీసుకుని బయటికి పోయాను. ఏ సవారీ లేకుండానే కోరుట్ల దాకా పోయి వచ్చాను.

మందు పెడతారన్న మాట వాళ్ళ వాడకు చేరినట్టుంది. మర్నాడు పొద్దున వదిన వచ్చింది. గేటు బయట నిలబడింది. ఆమెను చూడగానే అరుగు కింద నుంచి కుక్క పాకుతూ వెళ్ళి, పొట్ట పైకి తిప్పి, సన్నగా మూలుగుతూ ఆమె కాళ్ళ మీద పడుకుంది. అంత పెద్ద కుక్క ఐదు నెలల పిల్లలా అయిపోయింది.

“మాది మాకియ్యుండ్రి,” అంది వదిన. “మీ అన్న తీస్కరమ్మన్నడు. కుక్కకేం తెల్సు, దాన్ని సంపుడెందుకు?”

నేను తల ఊపాను. తాడు కూడా అక్కర్లేకపోయింది. కుక్క ఆమె వెనకే నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వీధి మలుపు దాకా చూశాను. అది వెనక్కి తిరిగి చూడలేదు.

ఊళ్ళో అన్నకు పని దొరకలేదు. ఆ ఏడు చెరువు కింద నాట్లే పడలేదు. నెల తిరిగేలోగా ఇంటికి తాళం వేసి, పెళ్ళాం పిల్లలతో, ఆ కుక్కతో సహా సిరిసిల్లకు పోయాడు. వదిన వాళ్ళ అన్న అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తాడట. వెళ్ళే ముందు నాకు చెప్పలేదు. చెప్పే ముఖం నేను అతనికి మిగల్చలేదు.

ఎనిమిది నెలల తర్వాత సిరిసిల్లలో ఒక పెళ్ళికి మా ఊరివాళ్ళు నా ఆటో మాట్లాడుకున్నారు. వాళ్ళను దించాక మూడు నాలుగు గంటలు ఖాళీ దొరికింది. అన్నకు ఫోన్ చేసి, “నిన్ను జూద్దామని అచ్చిన అన్నా,” అన్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. అతను మాత్రం మామూలుగానే దారి చెప్పాడు.

ఆ సందులో ప్రతి ఇంట్లోంచీ మరమగ్గాల చప్పుడు. వాటిని అక్కడ సాంచాలంటారు. అవి నడిచే రోజులు తక్కువ, ఆగిపోయే రోజులు ఎక్కువ అని తర్వాత అన్న చెప్పాడు. సందు మొదట్లో చాయ్ డబ్బా. దాని ముందు ఒక ముసలి కుంటి కుక్క. దాని పొట్టకు ఆనుకుని మా ఎర్ర కుక్క. ముఖానికి తువ్వాళ్ళు చుట్టుకున్న పనివాళ్ళు, గల్లీ పిల్లలు, బురఖాలు వేసుకున్నవాళ్ళు, చెత్త ఏరే ఆడవాళ్ళు, అందరూ దాని తోక దాటుకుంటూ పోతున్నారు. అది చెవి కూడా కదపడం లేదు.

నన్ను చూసి లేచింది. మొరుగుతుందనుకున్నాను, మొరిగితే బాగుండుననీ అనుకున్నాను. అది ఒకసారి కుంటిదాని వైపు చూసింది. కుంటిది తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ నేల మీద పెట్టేసింది. అప్పుడు మా కుక్క వచ్చి నా చేతిని వాసన చూసి తోక ఊపింది.

అన్న పని నుంచి దిగి వచ్చాడు. కనుబొమల మీద, జుట్టులో దూది పీచు. రెండు చాయ్‌లు చెప్పాడు. డబ్బా ముందు బల్ల మీద కూర్చున్నాం.

“దీన్ని ఎట్ల మార్చినవ్ అన్నా?” అన్నాను.

“నేనేం జెయ్యలే. అచ్చినంక పది దినాలు కనవడ్డోళ్ళనందర్ని మొరిగింది. తిట్లు వడలేక సచ్చినం. ఎన్క గా కుంటిదాని పక్కకు వోయి పండుడు వెట్టింది. అదేమో ఎవ్వలచ్చినా లెవ్వది. ఇది లేచి మొరిగేది, దాన్ని జూసేది, మల్ల పండేది. గట్లనే బందువెట్టింది.” కుంటిదాని వైపు చూస్తూ, “దోస్తులు మారిన్రు దానికి,” అన్నాడు.

గ్లాసు బల్ల మీద పెట్టాను. “అన్నా, గా దినం అబద్ధం జెప్పిన. అది కొత్తోళ్ళను మొరగది.”

“ఎర్కే తమ్మీ.”

“దవాఖాన్ల ఊర కుక్క అని ఎందుకు జెప్పినవ్?”

అతను గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. “నువ్వు నోరు దెరుస్తవని జూసిన. జెరసేపు జూసిన. తెర్వలే. ఆ అమ్మ కలం వట్టుకొని నిలవడ్డది, ఏదో ఒకటి జెప్పాలె గదా.”

సాంచాల చప్పుడులో నాకు ఏడుపు వచ్చింది. అతను నా భుజం మీద చెయ్యి వేయలేదు. “కుక్క కర్సింది పది దినాల్ల మానింది. గా బస్టాండు కాడ నువ్వు చెయ్యి లేపి పోయినవ్ సూడు...” అని ఆపేశాడు. లేచి, “రా, బువ్వ తిని పో,” అన్నాడు.

ఒక్కటే గది. వదిన అందరికీ ఒకే రకం కంచాలు పెట్టింది. ఆమెను ‘వదినా’ అన్నాను. ఎదురుగా పిలవడం అదే మొదటిసారి. ఆమె కూర వడ్డిస్తూ, “పచ్చిపులుసు ఉన్నది, పోస్కుంటవా?” అని మాత్రం అడిగింది. అన్న చిన్న బిడ్డ నన్నే చూస్తూ, “బాపూ, ఈయనెవ్వలు?” అంది.

“మస్కట్ల నా రూముల ఉండే,” అన్నాడు అన్న. ‘మనూరోడే’ అని అనలేదు. నేను తల వంచుకుని తిన్నాను. కడుపు నిండా తిన్నాను.

సాయంత్రం పెళ్ళివాళ్ళను ఎక్కించుకుని ఇంటికి వచ్చేసరికి అమ్మ అరుగు మీదే ఉంది. “పెండ్లిల తిన్నవా? ఏడ తిన్నవ్ బువ్వ?” అని అడిగింది.

“హోటల్ల,” అన్నాను.

నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. నా ముఖం చూసి లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత ఇంకా రెండుసార్లు సిరిసిల్ల వెళ్ళాను, పెళ్ళి కిరాయి లేకుండానే. రెండుసార్లూ వాళ్ళింట్లోనే తిన్నాను. అన్న మామూలుగా మాట్లాడతాడు, పని సంగతులు, పిల్లల బడి సంగతులు. మస్కట్ మాట మాత్రం ఎత్తడు. మళ్ళీ మా ఇంటికి రమ్మని అతన్ని నేను ఇంతవరకూ పిలవలేదు.